సొంతూళ్లో అవుట్‌డోర్

మా బావ సొంత ఊళ్లో తొమ్మిది రాత్రులు లాడ్జిలో పడుకున్నాడు. లాడ్జి అనకాపల్లి రైల్వేస్టేషన్ దగ్గర. మా అక్క ఉండే ఇల్లు అక్కడి నుంచి నడిస్తే పావుగంట. పదో రాత్రి ఇంటికి వెళ్లి పడుకున్నాడు. వెళ్లమని చెప్పింది నేను.

బావ హైదరాబాదులో సినిమాలకు లైట్‌మ్యాన్. పదకొండేళ్లు అక్కడే పనిచేశాడు. నలుగురితో కలిసి ఒక గదిలో ఉండేవాడు. అక్కనీ కూతురినీ ఇక్కడే ఉంచాడు. కుటుంబంతో అక్కడ అద్దెకు ఉంటే వచ్చింది వచ్చినట్టు అద్దెకే పోతుందని ఆయన లెక్క. ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చి వెళ్లేవాడు. నేను ఊళ్లో ఒక టెంట్‌హౌస్‌లో పని చేస్తాను. పెళ్లిళ్లకూ సభలకూ షామియానాలు, కుర్చీలు, లైట్లు, జనరేటరు వేస్తాం. విశాఖ వైపు షూటింగులు ఎక్కువయ్యాక సినిమా వాళ్లకు మనుషులు చాలనప్పుడు మా ఓనరుకు ఫోన్ వస్తుంది. నలుగురు లోకల్స్‌ని పంపమంటారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి.

అప్పుడు వచ్చిన సినిమాకి మా ఊళ్లో పన్నెండు రోజుల పని. కొన్నాళ్లు బెల్లం మార్కెట్‌లో, కొన్నాళ్లు తుమ్మపాల దారిలో చెరకు తోటల మధ్య. హైదరాబాదు నుంచి బస్సులో దిగిన లైట్ల బృందంలో బావ ఉన్నాడు. దిగినవాడు దిగినట్టే లాడ్జికి వెళ్లిపోయాడు. ఇంటికి రాలేదు.

ఎందుకు రాలేదో నాకు తెలుసు. హైదరాబాదు మనిషి ఆ నగరం దాటి పనికి వస్తే దాన్ని అవుట్‌డోర్ అంటారు. అవుట్‌డోర్‌లో రోజు కూలి కాక పూటఖర్చులకు బేటా ఇస్తారు, లాడ్జిలో మంచం ఇస్తారు. లోకల్ మనిషికి బేటా లేదు, మంచం లేదు, రోజు కూలే సగం కన్నా తక్కువ. ఎవరు అవుట్‌డోరో, ఎవరు లోకలో మేనేజరు దగ్గర ఒక జాబితా ఉంటుంది. అది లాడ్జి గదుల జాబితాను బట్టి తయారవుతుంది. ఆ గదుల జాబితాలో పేరున్నవాడు అవుట్‌డోర్. బావ తనకు ఈ ఊళ్లో ఇల్లుందని ఎవరికీ చెప్పలేదు. మేం బావ అని పిలిస్తే, ఈ వైపు మగవాళ్లందరూ ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారని యూనిట్ వాళ్లు అనుకున్నారు.

మొదటి రోజు ఒక పెద్ద లైటును స్టాండుతో సహా మార్కెట్ గేటు నుంచి వేలం జరిగే షెడ్డు దాకా మోశాం. ఒక కాలు బావ పట్టుకున్నాడు, ఒక కాలు నేను పట్టుకున్నాను. బరువు ఇద్దరికీ ఒకటే. నాకు అప్పుడు కోపం రాలేదు. ఇది ఎందుకు ఇలా ఉందో తెలుసుకోవాలనిపించింది అంతే. నేను పదో తరగతితో చదువు ఆపేశాను. కానీ ఇరవై ఏళ్లుగా మా ఊరి లైబ్రరీకి వెళ్లని వారం లేదు. కరెంటు గురించి, పాముల గురించి, చోళుల గురించి, మూత్రపిండాల గురించి నాకు తెలిసినదంతా అక్కడ తెలిసిందే. తెలియనిది ఏదైనా ఆ బీరువాల్లో ఎక్కడో ఉంటుందని నా నమ్మకం.

ముందు మనుషుల్ని అడిగాను. కెమెరా అసిస్టెంటు ఒకతను చెన్నై నుంచి వచ్చాడు. సెట్‌లో నన్ను సార్ అన్నవాడు అతనొక్కడే. భోజనాల దగ్గర పక్కన కూర్చుని, మీకెంత అని కాకుండా, మీకు ఎందుకంత అని అడిగాను.

"మా రేటు చెన్నైలో మావాళ్లు మాట్లాడి పెట్టింది సార్. నేను ఎక్కడికి పోతే అక్కడికి ఆ రేటు కూడా వస్తుంది."

"మరి ముంబై వాళ్లకి?"

"వాళ్లకి యాడ్స్ ఉంది సార్. సినిమా లేదంటే యాడ్‌కి పోతారు. యాడ్‌లో ఎక్కువ ఇస్తారు. అప్పుడు సినిమావాళ్లు కూడా ఇచ్చే తీరాలి, లేదంటే మనిషి దొరకడు."

"హైదరాబాదు?"

"అక్కడ స్టూడియో ఎక్కువ, పని ఎక్కువ. వాళ్లు కూడా మాట్లాడుకున్నారు." అతను పెరుగన్నం కలుపుకున్నాడు. "మీ ఊళ్లో మీ కోసం ఎవరు మాట్లాడేది సార్?"

మా ఓనరు మాట్లాడతాడన్నాను. అతను తల ఊపి తినడం మొదలుపెట్టాడు. అతను చెప్పినవన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నాను. రాసుకున్నాను గానీ, అన్నం తింటూ చెప్పిన మాటలు కదా అని వాటికి పెద్ద విలువ ఇవ్వలేదు.

తొమ్మిదో రోజు మా అక్క టెంట్‌హౌస్ దగ్గరికి వచ్చింది. అప్పటికి రెండుసార్లు షూటింగు చూడటానికి వచ్చి, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడి వెళ్లిపోయింది. బావ చేయి కూడా ఊపలేదు.

"పూడిమడక నుంచి సేపలు తెచ్చే ఆవిడ లేదూ, ఆవిడ పొద్దున్న నన్ను అడిగింది. ఏటమ్మా, మీ ఆయన లాడ్జి మెట్లు దిగుతుంటే సూసేను, గొడవాడుకున్నారేటి అని."

"నువ్వేటన్నావు?"

"నానేటంటాను! మనెదురు మేడ మీద ఆవిడ ముందే అనేసింది, సినిమావోళ్లు కదమ్మా, లాడ్జిలో ఎవర్ని పెట్టేడో ఏటో అని. గుంట ఇన్నాది. నాన్న మనూర్లోనే ఉండి మనింటికి ఎందుకు రాడమ్మా అని అడుగుతాంది."

"బేటా కోసం అక్కా. రూల్ అది."

"బేటా ఏటి బేటా! ఒకే ఊర్లో తొమ్మిది రోజుల నుంచి మొగుడి మొకం జనాల్లో నిలబడి సూత్తన్నాను. సినిమా టిక్కెట్టు కొన్నా ఇంతకన్నా దగ్గర్నుంచి కనబడతారు." ఆ మాటకు తనే నవ్వింది. వెంటనే ఆపేసింది. "నువ్వు రోజూ లైబ్రరీకి ఎల్తావు కదా. ఎల్లి సూసి సెప్పు. ఒక్క రాత్రి ఇంటికాడ పడుకుంటే ఆయన రేటు పోద్దేటి? పోద్దంటే ఇంక అడగను."

ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లాను. డిగ్రీ పిల్లల కోసం రాసిన పాత అర్థశాస్త్రం ఒకటి ఉంది, అట్ట ఊడిపోయి, దారంతో కుట్టినది. కూలి మీద అందులో మూడు అధ్యాయాలు ఉన్నాయి. మొదటి అధ్యాయం చదివాను. పనివాడి నైపుణ్యాన్ని బట్టి, అతని పని వల్ల యజమానికి వచ్చే విలువను బట్టి కూలి తేలుతుందని అందులో ఉంది. చెన్నై వాళ్లు పాతకాపులు కాబట్టి వాళ్లకు ఎక్కువ. ముంబై వాళ్లకు ఎక్కువ రకాల పని వచ్చు. బావ పదకొండేళ్ల నుంచి చేస్తున్నాడు. నాకు పెళ్లి పందిట్లో ట్యూబులు కట్టడం తప్ప రాదు. అన్నీ సరిపోయాయి. మనిషి ఏ మంచం మీద పడుకుంటాడన్నది ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. ఇంకా రెండు అధ్యాయాలు ఉన్నాయి. లైబ్రరీ మూసే వేళ కూడా కాలేదు. నాకు కావలసింది దొరికింది కాబట్టి పుస్తకం బీరువాలో పెట్టేశాను.

మర్నాడు టీ విరామంలో బావతో చెప్పాను. మార్కెట్ బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాం. మా టెంట్‌హౌస్ వాడే ఇంకొకడు పక్కన ఉన్నాడు.

"బావా, ఒక్క రాత్రి ఇంటికెల్లు. ఆ పూట బేటా పోతే పోద్ది. రేటు పోదు. రేటు నీ సేతిలో పనికి ఇచ్చేది, మంచానికి కాదు."

"ఎవుడు సెప్పేడు?"

"పుస్తకంలో ఉంది."

"మేనేజరు ఆ పుస్తకం సదివేడేటి?"

పక్కవాడు టీ పొలమారేలా నవ్వాడు. నేను వెనక్కి తగ్గలేదు. "వాన ఎందుకు పడతాదో తెలీనోడి మీద పడదేటి? ఇదీ అంతే. సదివినా సదవకపోయినా అలాగే నడుత్తాది."

బావ గ్లాసు కింద పెట్టాడు. "నీకు మేస్టారి ఉజ్జోగం రావాల్సింది బావా. మా కర్మకి టెంట్‌హౌస్‌లో పడ్డావు."

"అక్క అడిగింది," అన్నాను.

బావ టీ డబ్బులిచ్చి లోపలికి నడిచాడు. పదకొండేళ్లలో ఆ బృందంలో చోటు ఎలా నిలబెట్టుకున్నాడో ఒకసారి నాతో చెప్పాడు. పిలిచినప్పుడు లేననకూడదు, పేచీ పెట్టకూడదు, జాబితాలో పేరు కదలకూడదు. ఈ మూడే. ఆ రోజు సాయంత్రం ప్యాకప్ అయ్యాక బస్సు లాడ్జికి వెళ్లింది. బావ అందులో ఎక్కలేదు. నా వెనక బండి మీద కూర్చుని ఇంటికి వచ్చాడు. వీధిలో మేడ మీద ఆవిడ చూసేలా అక్క గేటు దాకా వచ్చి నిలబడింది.

మర్నాడు పొద్దున్న బావ ఇంటి నుంచి నడిచి వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మార్కెట్ గేటు దగ్గర ఇద్దరం కలిశాం. ఆయన ఫోన్ మోగింది, వెంటనే నాదీ మోగింది. సినిమా వాళ్లు పనివాళ్లకు సమాచారమంతా వాట్సాప్ గ్రూపుల్లో పెడతారు. యూనిట్ గ్రూపులోంచి బావను తీసేశారు. 'అనకాపల్లి లోకల్స్' గ్రూపులో చేర్చారు. నేను ఆ గ్రూపులో మొదటి నుంచీ ఉన్నాను. బావ పేరు వచ్చి చేరడం నా ఫోన్‌లోనే చూశాను.

మేనేజరు షెడ్డు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కోపంగా లేడు. ఉప్మా తింటున్నాడు.

"రాత్రి మీ మంచం ఖాళీగా ఉందట కదా," అన్నాడు.

"ఒక్క రాత్రే సార్. ఇల్లిక్కడే," అన్నాడు బావ.

"అదే నేనూ అంటున్నా. ఇల్లు ఇక్కడే అని ముందు చెప్పలేదు మీరు. ఊళ్లో ఇల్లున్నవాడు లోకల్. నా దగ్గర రెండే షీట్లు ఉన్నాయి బాబూ, మూడోది లేదు."

"యూనియన్ కార్డు హైదరాబాదుది సార్."

"కార్డు హైదరాబాదుదే. మనిషో?"

నేను కలగజేసుకున్నాను. పని అదే కదా సార్, చేసే మనిషీ ఆయనే కదా, నిన్నటికీ ఇవాళ్టికీ పనితనం ఏం తగ్గింది అని అడిగాను. పుస్తకంలో మాటలే అన్నీ. మేనేజరు నన్ను అప్పుడే చూసినట్టు చూశాడు.

"నువ్వెవరు?"

"లోకల్ సార్. ఈయన మా అక్క మొగుడు."

"ఓహో, నిజం బావేనా! ఇంకనేం. ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రేట్లు ఎందుకయ్యా, గొడవలు వస్తాయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వకపోతే పేచీ పెట్టినట్టు అవుతుంది. చెన్నై అసిస్టెంటు నవ్వలేదు, లెన్సు తుడుచుకుంటూ ఉన్నాడు.

ఆ రోజూ ఆ మర్నాడూ అదే పెద్ద లైటు మోశాం. బావ ఒక కాలు, నేను ఒక కాలు. ఇద్దరికీ ఒకటే రేటు. నాకు ఏమీ అనిపించలేదు. ఎన్ని కేబుళ్లు చుట్టానో మాత్రం గుర్తుంది, పధ్నాలుగు. కార్డు ఇచ్చిన యూనియన్‌కి చెబుదామన్నాను. రేటు మీద పేచీ పెట్టినవాణ్ణి మళ్లీ పిలవరని బావ అన్నాడు. మధ్యాహ్నం అక్క క్యారేజీ పంపింది. వంజరం వేపుడు. బావ సగం నాకు పెట్టి తిన్నాడు.

పన్నెండో రోజు సాయంత్రం యూనిట్ బస్సు హైదరాబాదుకు బయల్దేరింది. సీట్లు యూనిట్ షీటు ప్రకారం. బావకు సీటు లేదు. సొంతంగా రైలెక్కి వెళ్లొచ్చు. కానీ అక్క నాలుగు రోజులు ఉండమంది, బావ ఉండిపోయాడు. జరిగింది అక్కకు చెప్పలేదు. ఆ నాలుగు రోజులూ అక్క వీధిలో అందరితో మాట్లాడింది. చేపల ఆవిడ దగ్గర కూడా బేరమాడకుండా కొంది. అయిదో రోజు బావ బృందం పెద్దకు ఫోన్ చేస్తే, కొత్త సినిమా మొదలైపోయిందనీ, మనిషి తక్కువైతే ఒకణ్ణి పెట్టుకున్నామనీ చెప్పాడు. మంచిగానే చెప్పాడు. "నువ్వు ఊర్లనే సెటిలైనవంట గద భయ్, ఆ దిక్కు షూటింగుంటే పిలుస్త తియ్," అన్నాడు. స్పీకర్ ఆన్‌లో ఉండటం వల్ల నేనూ విన్నాను, అక్కా వింది.

అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, "అయితే ఇంక ఎల్లవేటి?" అని అడిగింది. ఆ అడగడంలో సంతోషం ఉందో, భయం ఉందో నాకు తెలియలేదు. తనకూ తెలిసి ఉండదు.

బావ హైదరాబాదు వెళ్లాడు. గదిలో తన వంతు అద్దె కట్టి మూడు వారాలు ఉన్నాడు. రోజూ పొద్దున్నే మనుషుల్ని పిలుచుకునే చోటికి వెళ్లి నిలబడ్డాడట. ఆరు రోజులు పని దొరికింది. నాలుగో వారం సంచితో వచ్చేశాడు. మా ఓనరు పెళ్లిళ్ల కాలం కాబట్టి వెంటనే పెట్టుకున్నాడు.

తర్వాత నేను లైబ్రరీకి వెళ్లి మిగిలిన రెండు అధ్యాయాలు చదివాను. మొదటి అధ్యాయంలో చెప్పింది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో అందులో ఉంది. పనివాళ్లు ఒక చోట ఎక్కువమంది ఉండి, వాళ్లను పిలిచేవాళ్లు కూడా ఎక్కువమంది ఉంటే, పనివాడు ఒకరిని కాదని ఇంకొకరి దగ్గరికి వెళ్లగలడు. అందరూ కలిసి ఒక రేటు మాట్లాడుకోగలరు. ఆ మాట్లాడుకున్న రేటు ఆ ఊరిది. ఆ ఊరి నుంచి వచ్చినట్టు లెక్కలో ఉన్నంతకాలం అది మనిషి వెంట తిరుగుతుంది. అద్దెలు, బస్సు ఖర్చులు, అనుభవం కూడా లెక్కలోకి వస్తాయి, కాదనను. కానీ అనకాపల్లిలో లైట్లు మోసేవాణ్ణి పిలిచేది ఏడాదికి మూడు నాలుగు యూనిట్లు. అవి మాట్లాడేది ఒక టెంట్‌హౌస్ ఓనరుతో. కాదంటే నేను వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఇదంతా చెన్నై కుర్రాడు పెరుగన్నం కలుపుకుంటూ నాకు చెప్పాడు. నా చేతిరాతతోనే నా దగ్గర ఉంది. అచ్చులో లేదు కాబట్టి నేను నమ్మలేదు.

ఇప్పటికీ లైబ్రరీకి వెళ్తున్నాను. మానేస్తే ఏదో అర్థం ఉండేది. మానలేదు. ఇప్పుడు అధ్యాయం మధ్యలో ఆపను.

మొన్న వేసవిలో ఇంకో సినిమా వాళ్లు పూడిమడక సముద్రం ఒడ్డున అయిదు రోజులు పెట్టుకున్నారు. ఓనరు ఆరుగురిని పంపాడు. బావ, నేను అందులో ఉన్నాం. పడవల పక్కన చేపలు ఎండేసిన చోటు దాటి లైట్లు మోయాలి. హైదరాబాదు నుంచి వచ్చిన లైట్‌మ్యాన్లలో ఒకడికి ఇరవై రెండేళ్లుంటాయి. గాలికి స్టాండు ఊగుతుంటే ఏం చేయాలో అతనికి తెలియలేదు. బావ వెళ్లి, సంచుల్లో ఇసుక నింపించి, గాలి వచ్చే వైపు కాలికి రెండు, మిగతా వాటికి ఒక్కోటి కట్టించాడు. అతను బావను "థాంక్స్ అన్నా" అన్నాడు. సాయంత్రం అతను బేటా సంతకం పెట్టి బస్సెక్కాడు.

మేం బండి దగ్గరికి నడుస్తున్నాం. రెండేళ్లుగా అనని మాట అప్పుడు అన్నాను.

"బావా, ఆ రోజు నానే సెప్పేను ఇంటికెల్లమని."

"అవును," అన్నాడు బావ.

"పుస్తకం సగమే సదివి సెప్పేను."

బావ ఆగి, చెప్పులోని ఇసుక దులుపుకున్నాడు. "నువ్వు సెప్పేవని ఎల్లేననుకుంటన్నావేటి? మేనేజరు ఏటి సేత్తాడో నాకు తెలీదేటి? పదకొండేళ్లు సూసేను ఆల్లని."

"మరెందుకెల్లేవు?"

"మీ అక్క అడిగిందన్నావు కదా." ఇంకో చెప్పు దులిపాడు. "ఎల్లడానికి ఏదో ఒక సాకు కావాల. నీ పుస్తకం పనికొచ్చింది."

"ఇప్పుడు ఎల్లకపోతే బాగుండేదనిపిత్తాదా?"

ఆయన సముద్రం వైపు గానీ, నా వైపు గానీ చూడలేదు. బండి తాళం కోసం చేయి చాపాడు. "పొద్దున్నయితే అనిపిత్తాది, ఆ బస్సు దిగినోళ్లని సూసినప్పుడు. ఇంటికెల్లేక అనిపించదు. రెండూ నిజమే. ఏటి సెయ్యమంటావు?"

 తాళం ఇచ్చాను. ఆయన బండి నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. దారిలో అక్క ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చారని అడిగింది. అచ్యుతాపురం దాటేమని చెప్పాను.